రెండు తాళాల గది

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కిషన్‌లాల్ నాకు పది నిమిషాలిచ్చాడు. గడియారం చూసుకుని మరీ ఇచ్చాడు. పదకొండూ పది.

"పదకొండూ ఇరవైకి ఆమెను లేపుత. ఈలోపల ఏమడుగుతవో అడుగు, లైన్‌మ్యాన్," అన్నాడు.

నా పేరు జకర్యా. పదహారేళ్లు టెలిఫోన్ శాఖలో తీగలు చూసి, ఆ తర్వాత ఖమ్మంలో ఈ డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. బోర్డు పెట్టి ఎనిమిదేళ్లయినా కిషన్‌లాల్ దృష్టిలో నేనింకా స్తంభం మీదే ఉన్నాను. ఉండనీ. పైనుంచి చూస్తే కొన్ని బాగానే కనపడతాయి.

బల్లకు అవతల కూర్చున్నది లాలి. ఖమ్మం పక్క ఊళ్లోని గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో కంప్యూటర్ టీచరు. ఇరవై ఆరేళ్లుంటాయి. శనివారం అరెస్టు చేశారు, ఇవాళ పంచనామా కోసం మళ్లీ తన బడికే తీసుకొచ్చారు. ఆమె మీద మోపిన నేరం, సొంత అన్నను పట్టిచ్చిందని.

అన్న పేరు భద్రు. టేకు దొంగలు ఫారెస్టు బీటాఫీసరును నరికి చంపుతుంటే కళ్లారా చూసినవాడు అతనొక్కడే. బుధవారం ఖమ్మం కోర్టులో ఆ మాట చెప్పాలి. అందాకా ప్రాణం కాపాడుకోవడానికి చర్ల దాటాక అడవిలో ఒక పోడు గుడిసెలో దాక్కున్నాడు. శుక్రవారం తెల్లారేసరికి గుడిసె ఖాళీ. మంచం మీద నెత్తురు. ఇవాళ సోమవారం, 1998 నవంబరు పదహారు. సాక్ష్యానికి రెండు రోజులుంది, సాక్షి లేడు.

గుడిసె ఎక్కడుందో ముగ్గురికే తెలుసు. భద్రు భార్య కమ్లికి, చెల్లెలు లాలికి, బడి కంప్యూటర్ల సమాచారమంతా దాచే సర్వర్‌కి. భద్రు కూతురు బాలి ఈ ఆశ్రమ పాఠశాలలోనే తొమ్మిదో తరగతి. పిల్లకు మలేరియా ఊరికే తిరగబెడుతుంటుంది. ఏదన్నా అయితే తండ్రికి కబురంపాలి కదా అని లాలి ఆ గుడిసె అడ్రసును పిల్ల గార్డియన్ కార్డులో ఎక్కించింది. గురువారం మధ్యాహ్నం రెండూ నలభై ఒకటికి ఎవరో ఆ కార్డు తెరిచారు. లాలి పేరుతో, లాలి పాస్‌వర్డుతో.

నన్ను పెట్టుకున్నది కమ్లి. ఆడబిడ్డ మీద ఆమెకు అనుమానం లేదు. మొగుడు బతికున్నాడన్న ఆశా లేదు. శవమన్నా దొరికేటట్టు చూడు సారూ అని మాత్రమే అడిగింది. అంత చిన్న కోరిక కోరినవాళ్లకు కాదనడం నాకు చేతకాదు.

"గురువారం రెండున్నరకు ఎక్కడున్నవమ్మా?"

"డార్మెటరీల. బాలికి జరం. తడిగుడ్డ ఏసుకుంట కూసున్న."

"ఎవరన్న చూసిన్రా?"

"జరమొచ్చిన పిల్లలు నలుగురున్నరు సార్. అందరు కండ్లు మూసుకొని పండుకున్నరు."

కిషన్‌లాల్ ముక్కుతో నవ్వాడు.

"నీ పాస్‌వర్డు ఇంకెవరికి తెలుసు?"

"ఎవ్వరికీ చెప్పలే." తన వేళ్ల వైపు చూసుకుంది. "మా దిక్కు కరెంటు లేనప్పుడు సర్వర్ గదిల కూసొని కొడ్త. జైరాం సార్ పక్కనే ఉంటడు. నా వేళ్లు చూసిండేమో."

జైరాం గోడకు అవతలి మిషన్ హైస్కూల్లో కంప్యూటర్ టీచరు. ఈ రెండు బళ్లకూ మధ్య గోడ ఒకటే, దాతలెవరో ఇచ్చిన సర్వర్ కూడా ఒకటే. ఇద్దరూ వాడుకోండి, ఒకరిది ఒకరు చూడకండి అని షరతు. అందుకని సర్వర్‌కు తీగలు పెట్టే నెట్‌వర్క్ కార్డులు రెండు పెట్టారు. ఒక కార్డులోకి మిషన్ బడి తీగ వస్తుంది, రెండో దాంట్లోకి ఆశ్రమం తీగ. మధ్యలో దారి లేదు. ఒకే ఇంట్లో రెండు వాటాలు కిరాయికిచ్చి, నడిమి తలుపును ఇటుకలతో మూసేసినట్టు. మిషన్ బడి కంప్యూటర్ల నంబర్లన్నీ ఒకటితో మొదలవుతాయి, ఆశ్రమానివి రెండుతో.

"ఎవరెప్పుడొచ్చిన్రో సర్వర్ రాసుకునే లాగులో ఏ నంబరుంది?" అనడిగాను.

కిషన్‌లాల్ జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. చుక్కల ప్రింటరు కాగితం, అంచున బెజ్జాలు.

"రెండు డ్యాష్ నాలుగు. ఆమె ల్యాబుల నాలుగో కంప్యూటర్. రోజూ ఆమె కూసునే కుర్చీ. ఇంకేం కావాలె నీకు?"

లాలి నావైపు చూసింది. "సార్, ఒక్కటడుగుత. మా అన్న ఉన్నడా?"

ఇలాంటప్పుడు చెప్పడానికి నా దగ్గర మంచి అబద్ధం ఒకటుండేది. ఇవాళ అది నోటికి రాలేదు. గడియారం చూసుకున్నాను. పదకొండూ ఇరవై అయింది.

* * *

సర్వర్ గది మిషన్ బడి వరండా చివర ఉంది. కిషన్‌లాల్, నేను, ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య లాలి, పంచనామా సాక్షులిద్దరు, అందరం తలుపు ముందు నిలబడ్డాం. మిగతా పోలీసులూ అక్కడే మూగారు. కంప్యూటర్ అంటే అందరికీ సరదానే.

"ఇది చూడు," అన్నాడు కిషన్‌లాల్. "తలుపుకు రెండు తాళాలు. రెండు బళ్ల కమిటీ తీర్మానం. ఒక తాళంచెవి ఈమె దగ్గర, ఇంకోటి జైరాం దగ్గర. ఇద్దరొస్తే తప్ప తలుపు రాదు. కాబట్టి గురువారం ఈ గదిలకు ఎవడూ పోలే. పని జరిగింది ఆశ్రమం ల్యాబులనే."

నేను గొలుసు చేతిలోకి తీసుకున్నాను. లావుపాటి ఇనుప గొలుసు. దాని రెండు కొసలకూ రెండు తాళాలు. ఒక తాళం కొక్కెం రెండో తాళం కొక్కెంలో నుంచి దూరి ఉంది.

"వాచ్‌మన్ ఎవరు?"

ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. సవరయ్య, ముదిగొండ మనిషి, మిషన్ బడిలో వాచ్‌మన్. కళ్లు మసకలైనా మనిషి గట్టిగానే ఉన్నాడు.

"ఈ తాళాలు గిట్ల ఏసింది నువ్వేనా పెద్దయ్యా?"

"నేనే సారూ."

"ఎప్పటినుంచి?"

"సర్వర్ పెట్టిన కానుంచి. ఎనిమిది నెలలాయె."

నేను కానిస్టేబులు దగ్గర లాలి తాళంచెవి అడిగి తీసుకున్నాను. ఆ ఒక్క తాళం తీశాను. గొలుసు జర్రున జారి కింద పడింది. తలుపు తెరుచుకుంది. జైరాం తాళం ఇంకా బిగించే ఉంది, గొలుసు కొసన.

కిషన్‌లాల్ వంగి గొలుసు ఎత్తి చూశాడు. సవరయ్య మాత్రం ఇందులో వింతేముందన్నట్టు చూశాడు.

"మా ఊర్ల నాకూ మా తమ్మునికీ కలిపి ఒకటే బావి సారూ. మోటర్ డబ్బకు గిట్లనే ఏస్తం. ఎవరి తాళం వాళ్లది. ఎవడు ముందొస్తే వాడు తీసి మోటర్ ఏసుకుంటడు. ఒకరి కోసం ఒకరు ఆగే పనుండదు. ఈడ గూడ ఇద్దరు మాస్టర్లు గదా, గట్లనే అనుకున్న."

పాపం, ఆయన తప్పేముంది? రెండు తాళాలు ఎందుకో ఎవరూ ఆయనకు చెప్పలేదు. కమిటీవాళ్లు తీర్మానం రాసి సంతకాలు పెట్టి చాయ్ తాగి వెళ్లిపోయారు. తాళం వేసే మనిషికి తనకు తెలిసిన తాళమే తెలుసు. ఇద్దరూ ఉంటేనే తెరవాల్సిన తలుపు ఎనిమిది నెలలుగా ఎవరో ఒకరుంటే చాలు తెరుచుకుంటోంది.

లోపల ఒక బల్ల, దాని మీద సర్వర్, పక్కన ఖాళీ బల్ల. ఖాళీ బల్ల మీద వేలిమందాన దుమ్ము. ఆ దుమ్ములో ఒక జానెడు వెడల్పు, రెండు జానల పొడుగున శుభ్రమైన చోటు, నాలుగు మూలలా గుండ్రంగా రబ్బరు కాళ్ల గుర్తులు. ఒక కంప్యూటర్ డబ్బా అక్కడ కూర్చుని లేచింది.

సర్వర్ వెనక్కి వంగాను. మొదటి కార్డులో తీగ గట్టిగా ఉంది. రెండోది, ఆశ్రమం తీగ, ముట్టుకుంటే చాలు ఊడి వచ్చేటట్టుంది. దాని కొసన ఉండాల్సిన ప్లాస్టిక్ మీట విరిగిపోయింది. విరిగిన ముక్క బల్ల కాలు దగ్గరే దొరికింది. విరిగిన చోట ఇంకా తెల్లగా మెరుస్తోంది.

"ఈ మీట ఎప్పుడు విరిగిందమ్మా?"

"బుధారం దాక బాగనే ఉండె సార్. నేనే బిగించిన ఆ తీగ."

నేను సవరయ్య వైపు తిరిగాను. "గురువారం మధ్యాన్నం జైరాం ఈడికొచ్చిండా?"

"అవ్ సారూ. అన్నం టైమైనంక. ల్యాబుల కంప్యూటర్‌ను ఎత్తుకొచ్చిండు. దానికి వైరస్ పట్టింది, ఈడ పెట్టి దులపాలె అన్నడు. గంటల మళ్ల ఎత్తుకపోయిండు."

"మాకెందుకు చెప్పలే?" అన్నాడు కిషన్‌లాల్.

"మీరు అడగలే సారూ."

* * *

కిషన్‌లాల్ తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. నన్ను పక్కకు లాగాడు.

"దులుపుకోనీ. దాంతో ఏమైంది? లాగుల ఉన్నది మిషన్ బడి నంబరు కాదు. ఆశ్రమం నంబరు, రెండు డ్యాష్ నాలుగు."

"నంబరు మనం పెట్టిందే ఉంటది. ఏ కంప్యూటర్‌కైనా రెండు నిమిషాల్ల మార్చొచ్చు. కానీ రెండుతో మొదలైన నంబరు రెండో కార్డులకెళ్లి వస్తేనే సర్వర్ తీసుకుంటది. అందుకే ఆశ్రమం తీగ పీకిండు. ఆ బొక్కల తన తీగ పెట్టిండు. పనైనంక ఆత్రంల మళ్ల పెట్టేటప్పుడు మీట విరిగింది."

"లేకుంటే ఈమెనే తన ల్యాబుల కూసొని తీసింది."

"కరెంటు లేకుంట ఎట్ల తీస్తది?"

కిషన్‌లాల్ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆశ్రమం దిక్కు కరెంటు పొలాల మోటర్ల లైను. ఒక వారం పొద్దున ఇస్తరు, ఒక వారం మధ్యాన్నం. పోయిన వారం పొద్దున వంతు. పన్నెండుకు బంద్. పొద్దున సబ్‌స్టేషన్ పుస్తకం చూసే వచ్చిన. గురువారం పన్నెండూ రెండుకు తీసిన్రు, రాత్రి దాక రాలే. రెండూ నలభైకి ఆమె నాలుగో కంప్యూటర్ వట్టి డబ్బా."

"అయితే ఈ గదిల కూసొని తీసిందేమో. ఒక్క తాళంచెవి చాలంటివి గదా."

"సర్వర్ మీదనే కొడ్తే లాగుల 'సర్వర్' అని పడ్తది, కంప్యూటర్ నంబరు పడదు. వేరే కంప్యూటర్ తెచ్చి, ఏరికోరి లాలి కుర్చీ నంబరు పెట్టిండంటే, అది లాలిని ఇరికించనీకే. తనను తాను ఎవరిరికించుకుంటరు?"

"జైరాం యాడున్నడు?"

"తల్లికి బాగలేదని శుక్రవారం సెలవు పెట్టిండు. ఖానాపురం హవేలిల కిరాయి ఇల్లు. సర్వర్ వాడేది ఇద్దరే గదా అని నిన్న పోయి చూసిన. ఇల్లు ఖాళీ చేసి ఆరు రోజులైందన్నది ఇంటామె. గురువారం పనికి ముందే సామాను కట్టుకున్నడు."

కిషన్‌లాల్ టోపీ తీసి నెత్తి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. రెండు రోజుల్లో కేసు మూసెయ్యమని పైవాళ్లు కూర్చుంటే, ఏ మనిషైనా ముందు దొరికినవాళ్లనే పట్టుకుంటాడు.

"సరే. వైర్‌లెస్ పెడత," అన్నాడు. "గానీ భద్రు సంగతి అయిపోయింది లైన్‌మ్యాన్. మూడు రోజులాయె. అడవిల మూడు రోజులంటే నీకూ తెలుసు, నాకూ తెలుసు."

తెలుసు. ఊరికే ఉండలేక సర్వర్ ముందు కూర్చుని, లాలిని అడిగి లాగు తెరిచాను. మిషన్ బడి కరెంటు ఊరి లైనుది, నిండుగా ఉంది. గురువారం దాకా వెనక్కి జరుపుకుంటూ వెళ్లాను.

రెండూ నలభై, లోపలికి వచ్చారు. రెండూ నలభై ఒకటి, బాలి గార్డియన్ కార్డు తెరిచారు.

కిషన్‌లాల్ చేతిలోని కాగితం అక్కడితో ఆగిపోయింది. ప్రింటరు పేజీ అయిపోయింది, అక్కడికి చింపుకుని వెళ్లారు. తెర మీద మాత్రం ఇంకో వరస ఉంది.

రెండూ నలభై మూడు. కార్డు మార్చి, దాచారు.

ఆ వరస రెండుసార్లు చదివాను. అడ్రసు దొంగిలించడానికి వచ్చినవాడు చదువుకుని పోవాలి. మార్చడమెందుకు?

"లాలీ, బాలి కార్డు తియ్యమ్మా."

ఆమె వంగి కొట్టింది. కార్డు తెర మీదికొచ్చింది. పిల్ల పేరు, తరగతి, గుడిసె అడ్రసు. దాని కింద, పిల్లను బయటికి తీసుకుపోవడానికి అనుమతి ఉన్నవారు. తండ్రి భద్రు. తల్లి కమ్లి. మేనత్త లాలి. మేనమామ మంగీలాల్.

"మంగీలాల్ ఎవరు?"

లాలి తెర వైపే చూస్తోంది. "మా వదినకు అన్నదమ్ములు లేరు సార్."

* * *

రెండు బళ్ల మధ్య గోడకు చిన్న గేటుంది. దానిలోంచి అందరం పరుగెత్తాం. పదకొండూ యాభై ఐదు.

హాస్టలు వార్డెన్ సుశీలమ్మ గేటు గదిలో కుర్చీలో కూర్చుని బియ్యం చూసుకుంటోంది. పోలీసులను చూసి చేట పక్కన పెట్టి లేచింది.

"బాలి ఎక్కడమ్మా?" అన్నాను.

"పోయింది గదా సార్. వాళ్ల మేనమామొచ్చి తీస్కపోయిండు."

"ఎప్పుడు?"

రిజిస్టరు నా ముందుకు తోసింది. గుండ్రటి అక్షరాలతో పద్ధతిగా రాసి ఉంది. మంగీలాల్, మేనమామ. బయటికి వెళ్లిన సమయం పదకొండూ పదిహేను. నేను పక్క గదిలో తడిగుడ్డ గురించి అడుగుతున్న సమయం అది. ఊళ్లో ఉన్న పోలీసులంతా ఈ ఆవరణలోనే ఉన్నారు, ఒక సర్వర్‌కు కాపలాగా.

"ఎవరో ముక్కూ మొహం తెల్వనోడు అడిగితే పంపుతవా?" కిషన్‌లాల్ గొంతు లేచింది.

"తెల్వనోడెట్లయితడు సార్? కాయితంల పేరుంది." గోడకు అంటించిన అచ్చు జాబితా వైపు చెయ్యి చూపించింది. "ఇంతకుముందు వచ్చినోణ్ణి చూసి, పిల్ల మొహం చూసి పంపేదాన్ని. ఇప్పుడు గట్ల వద్దన్నరు. కంప్యూటర్ల పేరుంటేనే పంపాలె, పేరుంటే ఆపొద్దు అని లాలి మేడమే రూలు పెట్టింది."

"పిల్ల ఆయన్ని మామా అన్నదా?"

"ఏమనలే సార్. జరంల ఉన్నది గదా. ఆయనే చెప్పిండు, మీ అత్తను పోలీసోళ్లు తీస్కపోతున్నరు, జల్దీ రా అని. చెప్పులు గూడ ఏసుకోలే. లేసి ఉరికింది."

మంచం కింద చెప్పులున్నాయట. ఎవరూ చూడ్డానికి వెళ్లలేదు.

బయట తెల్ల మారుతి వ్యాను ఆగి ఉండిందని ఆమే చెప్పింది. ఎటు పోయిందో చూడలేదు. నలభై నిమిషాలు. ఇటు చర్ల అడవి దారి, ఆ అడవి దాటితే ఇంకో రాష్ట్రం. కిషన్‌లాల్ కానిస్టేబులును వైర్‌లెస్ దగ్గరికి తరిమాడు. ఆ పరుగులో ఎవరికీ నమ్మకం లేదు. పరిగెత్తినవాడికి కూడా.

అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. తట్టకపోయినా బాగుండేది.

"భద్రు వాళ్ల చేతుల లేడు," అన్నాను.

కిషన్‌లాల్ ఆగాడు.

"కార్డు మార్చింది గురువారం. గుడిసె మీద పడ్డది శుక్రవారం. రెండు దార్లు పెట్టుకున్నరు. భద్రు దొరికితే పిల్లతో పనిలేదు. చంపి ఊరుకుంటరు. మూడు రోజులు చూసి ఇయ్యాల పిల్ల కోసం వచ్చిన్రంటే, భద్రు తప్పించుకున్నడు."

లాలి మొహంలో రెండు రోజులుగా లేని వెలుగొకటి వచ్చింది. "అన్న బతికున్నడా సార్?"

"ఉన్నడమ్మా."

ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు. ఆమె నాకంటే తెలివైనది, లెక్క తొందరగానే చేసుకుంది.

"బుధారం కోర్టుకొస్తడు," అంది నెమ్మదిగా. "వచ్చి, నేనేం చూడలే అంటడు."

అంతే. శవం దొరికితే చాలన్న కమ్లికి ఇప్పుడు మొగుడు బతికున్నాడని చెప్పాలి, ఆ నోటితోనే కూతురు పోయిందని చెప్పాలి. నేను ఈ పనిలోకి ఎందుకొచ్చానా అనిపించింది. స్తంభం మీద హాయిగా ఉండేది.

కిషన్‌లాల్ గోడ దగ్గర నిలబడి ఆ వారం కాగితం చూస్తున్నాడు. మూడు వందల ఇరవై మంది పిల్లలు, ఒక్కొక్కరి పక్కన తీసుకుపోయేవాళ్ల పేర్లు. రెండు వందల పద్నాలుగో వరసలో బాలి. చివర మంగీలాల్. కాగితం అడుగున తేదీ, సంతకం.

"ఇది ఎవరు తీసిన్రు?"

"నేనే సార్," అంది లాలి. "ప్రతి శుక్రారం కరెంటుండంగనే తీసి అంటిస్త. ఈసారి పొద్దుగాలనే."

"సంతకం?"

"నాదే."

"చదివే పెట్టినవా?"

మూడు వందల ఇరవై వరసలు ఎవరు చదువుతారు? తను స్వయంగా ఎక్కించిన పేర్లు, తన సొంత మేనకోడలి వరస. అందులో చూడాల్సిందేముంది అనుకుంది. శుక్రవారం పొద్దున ఆమె ఆ కాగితం గోడకు అంటిస్తున్న వేళకే అక్కడ గుడిసె ఖాళీ అయింది.

కిషన్‌లాల్ కాగితాన్ని మూలల దగ్గర జాగ్రత్తగా ఊడదీసి మడిచాడు. నావైపు చూడలేదు.

"జైరాం దొరికేదాక నాకున్నది ఈ సంతకమొక్కటే లైన్‌మ్యాన్. ఈమెను ఇడిస్తే రేపు నన్నడుగుతరు. ఏం చెప్పాలె? మోటర్ డబ్బ తాళం కత చెప్పాల్నా?"

నేను వాదించాను. గట్టిగానే వాదించాను. ఆయన విన్నాడు కూడా. విని, లాలిని జీపెక్కించమన్నాడు.

ఎక్కబోతూ ఆమె ఆగింది. కొంగు ముడి విప్పి, వెండి కాగితంలో మిగిలిన రెండు జ్వరం గోలీలు తీసి నా చేతిలో పెట్టింది.

"నాలుగ్గంటలకు ఒకటి ఏయాలె సార్," అంది. "తిన్నంకనే ఏయాలె. లేకుంటే కక్కుకుంటది."

జీపు కదిలింది. నేను గడియారం చూసుకున్నాను. పన్నెండూ ఇరవై.